స్టూడియో అద్దె సరే, రోజులు ఎక్కడ?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేసులు (ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుతో తేలే వివాదాలు) చూసే న్యాయ సంస్థలో పనిచేస్తున్నాను. పదేళ్లుగా తైలవర్ణ చిత్రాలు వేస్తున్నాను. రెండు బృంద ప్రదర్శనల్లో పాల్గొన్నాను. ఏడాదిన్నర ఖర్చులకు సరిపడా పొదుపు ఉంది. ఉద్యోగం మానేసి పూర్తిగా చిత్రకళకే అంకితం కావచ్చా?

జవాబు: మీరు పంపిన ఖర్చుల పట్టికలో ఒక వరుస దగ్గర చాలాసేపు ఆగిపోయాను. స్టూడియో అద్దె పన్నెండు నెలలూ కట్టారు. పక్కనే పెన్సిలుతో మీరే రాసుకున్నారు: ‘వెళ్లినవి 23 రోజులు’. అంటే అక్కడ గడిపిన ఒక్కో రోజుకు అర నెల అద్దెకు పైనే పడింది. మీకు కరువైనది డబ్బు కాదు, రోజులు. కాబట్టి ఇప్పుడే రాజీనామా చేయవద్దు. ఆ జీతంతోనే రోజులు కొనుక్కోండి.

మీకు ధైర్యం చెప్పేవాళ్లు రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ పేరు ఎత్తుతారు. ఆయన 1896లో, 30వ ఏట న్యాయశాస్త్ర బోధన వదిలి మ్యూనిక్ వెళ్లి చిత్రకళ నేర్చుకున్నారు. నిజమే. కానీ ఆయన వదులుకున్నది అప్పుడే మొదలైన వృత్తిని. మీది అనుభవానికి విలువ పెరుగుతూ పోయే దశ. పైగా గ్యాలరీలు సాధారణంగా అమ్మకం ధరలో సగం దాకా కమీషన్ తీసుకుంటాయి. మిగిలిన సగంలోంచే కాన్వాసు, ఫ్రేము, రవాణా, బీమా. పొదుపు కరుగుతుంటే ఏ చిత్రం అమ్ముడుపోతుందా అన్న ఆలోచన కుంచెలోకి దిగుతుంది. పదేళ్లు కాపాడుకున్న స్వేచ్ఛ అలా పోవడం నాకు ఇష్టం లేదు.

పని 80 శాతానికి తగ్గించమని సంస్థను అడగండి. అయితే వారానికి ఒక రోజు సెలవు మాత్రం ఒప్పుకోవద్దు. విచారణ దగ్గరపడితే ఆ రోజును కేసు మింగేస్తుంది, అది మీకూ తెలుసు. దానికి బదులు ఒక పెద్ద కేసు ముగిశాక వరుసగా పది వారాలు అడగండి. తడి రంగు ఆరేదాకా ఆగి మళ్లీ పూత వేసే మీ పనికి అదే సరిపోతుంది. ఆదాయం పెరిగేకొద్దీ పన్ను రేటు పెరిగే దేశాల్లో స్థూల జీతం 20 శాతం తగ్గినా చేతికొచ్చేది అంతగా తగ్గదు. పింఛను జమ మాత్రం తగ్గుతుంది, ఆ లోటును మీరే పూడ్చాలి.

మొదటి చిత్రం అమ్మకముందే సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. రేపు మీరే మధ్యవర్తిగా కూర్చున్న కేసులో ఒక పక్షం న్యాయవాది మీ చిత్రం కొన్నవారైతే, ఆ సంగతి వెల్లడించాలా అన్న ప్రశ్న వస్తుంది. అందుకే కొన్నవారి పేరు, తేదీ, ధర మొదటి నుంచీ రాసిపెట్టుకోండి.

కళకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. చాలా దేశాల్లో పన్ను అధికారులు ఇది వ్యాపారమా, సరదానా అని లెక్కల పుస్తకం చూసే తేలుస్తారు. సరదా అని తేలితే నష్టాన్ని జీతం మీది పన్నులో సర్దుకోవడం సాధారణంగా కుదరదు. కేసుల కోసం మీరు దేశాలు మారుతుంటారు కాబట్టి ఏ దేశంలో పన్ను నివాసి అవుతారో, అంటే పన్ను కోసం ఏ దేశం మిమ్మల్ని తన నివాసిగా లెక్కిస్తుందో ఏటా సరిచూసుకోవాలి. ఏడాదిలో ఆ దేశంలో 183 రోజులు ఉన్నారా అన్న లెక్క ఒక్కటే చాలదు, ఇల్లూ కుటుంబమూ ఎక్కడున్నాయో కూడా చూస్తారు. చిత్రాలను వేరే దేశపు ప్రదర్శనకు తీసుకెళ్లి తిరిగి తెచ్చేటట్లయితే, ఏటీఏ కార్నెట్ (తాత్కాలికంగా తీసుకెళ్లే వస్తువులకు ఇచ్చే కస్టమ్స్ పత్రం) అంగీకరించే దేశాల్లో దానితో కస్టమ్స్ సుంకం తప్పుతుంది. అది గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది. చిత్రం అక్కడే అమ్ముడైతే సుంకం, పన్ను కట్టాలి.

పొదుపులో ఆరు నెలల ఖర్చు ముట్టుకోకుండా ఉంచండి. రెండేళ్ల తరవాత, అన్ని ఖర్చులూ పోను చిత్రాల మీద మిగిలేది ఇంటి ఖర్చులో మూడో వంతు దాటితే నాకు మళ్లీ రాయండి, రాజీనామా లెక్క అప్పుడు వేద్దాం. ఈలోగా స్టూడియో యజమానితో మాట్లాడి, మీరు ఊళ్లో లేని నెలల్లో మరో చిత్రకారుడు అందులో పనిచేసుకుని అద్దె పంచుకోవడానికి ఒప్పుకుంటారేమో కనుక్కోండి.