లాసెట్ పరీక్ష రోజు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది ఆదోని. మా అమ్మాయికి లాసెట్ (లా కోర్సుల ప్రవేశ పరీక్ష) సెంటరు కర్నూలులో పడింది. పొద్దున బయలుదేరితే అందుకుంటామా? వెంట ఏమేం ఉండాలి?

జవాబు: రైలును నమ్ముకోకండి, గుంతకల్లు, డోన్ మీదుగా చుట్టు తిరగాలి. ఎమ్మిగనూరు మీదుగా బస్సే నయం. దాదాపు 100 కిలోమీటర్లు. కర్నూలు బస్టాండులో దిగినంత మాత్రాన చేరినట్టు కాదు. ఈ పరీక్షలకు కంప్యూటర్లున్న ఇంజనీరింగ్ కాలేజీలే ఎక్కువగా సెంటర్లు, అవేమో ఊరి బయట. ఆటోకు ఇంకో అరగంట వేసుకోండి. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు కాబట్టి, పరీక్షకు గంటన్నర ముందు గేటు దగ్గర ఉండేలా లెక్క వెనక నుంచి కట్టుకోండి. పొద్దుటి సెషనైతే ముందురోజు రాత్రే చుట్టాలింటికి చేరడం మేలు.

హాల్‌టికెట్ రెండు ప్రింట్లు, ఒరిజినల్ గుర్తింపు కార్డు, నల్ల లేదా నీలం బాల్‌పెన్ను. ఆధార్ ఫోన్లో చూపిస్తామంటే కుదరదు, ఫోనే లోపలికి పోదు కదా! వాచీ, క్యాలిక్యులేటరు కూడా వద్దు. పెళ్లిళ్ల కాలం, అమ్మాయి చేతికి గోరింటాకు పెట్టించకండి. వేలిముద్ర మిషను సరిగా పట్టక అక్కడే నిలబెట్టేస్తారు.

ప్రశ్న: డిగ్రీ అయి పదేళ్లు. మౌస్ పట్టింది తక్కువ. గంటన్నరలో 120 ప్రశ్నలు చేయగలనా? (ప్రొద్దుటూరు)

జవాబు: ప్రశ్నకు 45 సెకన్లు వస్తాయి. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30. వీటిలో చాలావరకు తెలిస్తే తెలిసినట్టు, లేకుంటే లేదు. ఈ 60 అరగంటలో దాటేయండి. మిగిలిన 60 న్యాయశాస్త్ర అభిరుచివి, చదివి ఆలోచించాలి, అందుకే వాటికి 50 నిమిషాలు. చివరి 10 నిమిషాలు వదిలేసినవాటికి. నెగెటివ్ మార్కులు లేవు, ఖాళీగా ఒక్కటీ వదలొద్దు. అర్హతకు 42 మార్కులు కావాలి, ఎస్సీ, ఎస్టీలకు ఆ హద్దు లేదు.

మౌస్ కొత్తవాళ్లు పోగొట్టుకునేది ఒక్కచోటే. జవాబు నొక్కి, 'సేవ్ అండ్ నెక్స్ట్' కొట్టకుండా కుడిపక్క నంబర్ల మీద నొక్కి వేరే ప్రశ్నకు పోతారు. జవాబు నిలవదు. ఆ నంబరు పచ్చగా మారిందా, ఎర్రగానే ఉందా అని ఒక కన్నేసి ఉంచండి. అధికారిక వెబ్‌సైట్లో మాక్ టెస్టు ఉచితం. ప్రొద్దుటూరులో ఏ నెట్ సెంటరులోనైనా రెండుసార్లు రాస్తే చేయి తిరుగుతుంది.

ప్రశ్న: పరీక్ష మధ్యలో కంప్యూటరు ఆగిపోతే? (గుత్తి)

జవాబు: చెయ్యెత్తి ఇన్విజిలేటరును పిలవండి, మీరు స్విచ్చులు ముట్టుకోవద్దు. వేరే సీటిస్తారు. సేవ్ చేసిన జవాబులు సర్వర్లో ఉంటాయి, గడియారం ఆగినచోటి నుంచే నడుస్తుంది. కూర్చోగానే ఆ రెండూ సరిచూసుకోండి. తేడా ఉంటే అక్కడే చెప్పాలి, బయటికొచ్చాక వినే నాథుడుండడు.