బస్తర్ ఓటు మీద పరిశోధనకు వెళ్తున్న మేనకోడలికి

బిడ్డా,

నీ సినాప్సిస్ చదివాను. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లోనూ ఇటు భద్రాచలం ఏజెన్సీలోనూ మావోయిస్టు హింస ఓటును ఎలా మార్చిందన్నది ఇంకా తవ్వాల్సిన విషయమే. కానీ ‘హింస పెరిగితే పోలింగ్ తగ్గుతుంది’ అని మొదటి పేజీలోనే తేల్చేసుకుని బయల్దేరడం నాకు నచ్చలేదు. 2023లో ములుగు, పినపాక, భద్రాచలం లాంటి 13 నియోజకవర్గాల్లో మావోయిస్టు ప్రభావం పేరు చెప్పి 4 గంటలకే పోలింగ్ ముగించారు. గంట తగ్గినా ఏజెన్సీ జనం బారులు తీరారు. ఏ భయమూ లేని హైదరాబాద్‌లో సగం మంది కూడా గడప దాటలేదు.

దాడి జరిగితే సానుభూతి ఓట్లు పడతాయన్న లెక్క కూడా అంత తేలిగ్గా కుదరదు. 2000 మార్చిలో మంత్రి మాధవరెడ్డిని నక్సలైట్లు మందుపాతరతో చంపారు, భువనగిరి ఉప ఎన్నికలో ఆయన భార్య ఉమా మాధవరెడ్డి గెలిచారు. 2003 అక్టోబరులో అలిపిరిలో వాళ్ల మందుపాతర దాడి నుంచి చంద్రబాబు ప్రాణాలతో బయటపడి, అసెంబ్లీ రద్దు చేసి ముందస్తుకు వెళ్తే 2004లో చేతికొచ్చినవి 47 సీట్లు. మధ్యలో కరువుంది, కరెంటు బిల్లులున్నాయి, నక్సలైట్లతో చర్చలు జరుపుతామన్న కాంగ్రెస్ మాట ఉంది. వీటిని పక్కన పెట్టి బాంబుకూ ఓటుకూ ముడి వేస్తే వైవాలో నిలవదు.

అందుకే బూత్ స్థాయికి దిగు. ఎన్నికల ఫలితాల పత్రం ఫారం 20లో ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లొచ్చాయో ఉంటుంది. బస్తర్‌లోని కోంటా, బీజాపూర్, దంతెవాడ నియోజకవర్గాలతో మొదలుపెట్టు. 2008 కంటే వెనక్కి పోకు, నియోజకవర్గాల పునర్విభజనలో హద్దులు మారిపోయాయి. ఇటువైపు ఇంకో చిక్కుంది. పోలవరం ముంపు మండలాలు 2014లో ఆంధ్రాలో కలిశాయి. చింతూరు, కూనవరం వాళ్లు ఇప్పుడు రంపచోడవరానికి ఓటేస్తున్నారు. 2009 భద్రాచలం, 2018 భద్రాచలం ఒకే నియోజకవర్గం అనుకుని పక్కపక్కన పెట్టావో, గైడ్ కంటే ముందు నేనే ఆ పేజీ కొట్టేస్తాను.

ఫారం 20 చెప్పనిది ఒకటుంది. బస్తర్‌లో భద్రత పేరుతో చాలా బూత్‌లను ఊళ్ల నుంచి రోడ్డు పక్కకు, క్యాంపుల దగ్గరికి మార్చారు. కాగితంలో ఊరి పేరు అదే, ఓటేసే చోటు మాత్రం పదేసి కిలోమీటర్ల అవతల. మధ్యలో ఇంద్రావతి నది దాటాల్సిన ఊళ్లూ ఉన్నాయి. ‘ఎన్నికల బహిష్కరణ విజయవంతం’ అని ఒకరు, ‘జనం భయపడ్డారు’ అని ఇంకొకరు చెప్పే సున్నా ఓట్ల వెనక కొన్నిచోట్ల ఉన్నది ఒట్టి నడకే. ప్రతి ఎన్నికకూ పోలింగ్ కేంద్రాల జాబితా తెప్పించుకుని ఏది ఎప్పుడు ఎక్కడికి మారిందో పట్టిక వేసుకో. విసుగు పుట్టించే పనే. నీ థీసిస్‌లో పనికొచ్చే అధ్యాయం మాత్రం అందులోంచే వస్తుంది.

ఇక సిరా. ఎడమచేతి చూపుడువేలు గోరు పైఅంచు నుంచి మొదటి కణుపు దాకా గీస్తారు. నీకూ నాకూ అది సెల్ఫీ. అక్కడ, ఓటేసిన వేలు నరుకుతామన్న బెదిరింపు విన్నవాళ్లకు వారాల తరబడి చెరగని సాక్ష్యం. సిరా వద్దని ఊళ్లకు ఊళ్లు అడిగాయి. ఓటు ఎవరికేశారన్నది రహస్యమే, వేశారా లేదా అన్నది కాదు. నీ ప్రశ్నావళిలో ఈ రెండూ విడివిడిగా ఉండాలి.

నోటా గురించి తొందరపడకు. 2013లో వచ్చినప్పటి నుంచీ బస్తర్‌లో వేలల్లో పడుతోంది. అందులో కోపం ఎంత, తెలియక నొక్కిన చివరి బటన్ ఎంత అన్నది అడిగితేనే తెలుస్తుంది.

అడగడం దగ్గరే అసలు కష్టం. పోలీసు బండెక్కకు. మావోయిస్టుల్లోంచి లొంగిపోయి, పోలీసుల స్థానిక దళం డీఆర్‌జీలో చేరిన కుర్రాడు ఎంత బాగా మాట్లాడినా దుబాసీగా పెట్టుకోకు, సర్పంచ్ మనిషినీ వద్దు. గోండీ వచ్చిన ఆడపిల్ల దొరికితే సగం పని అయినట్టే. ‘ఎవరికేశావు’ అని నోటితో అడగకుండా ఎన్నికల సర్వేలు చేసే లోక్‌నీతి వాళ్లలా నమూనా బ్యాలెట్, చిన్న పెట్టె పట్టుకెళ్లు. భయం గురించి అడగాలంటే సగం మందికి నాలుగు సంగతులు చదివి, వీటిలో ఎన్ని నీకు జరిగాయో అంకె మాత్రం చెప్పమను. మిగతా సగానికి అవే నాలుగూ చదివి, ‘బెదిరింపు వల్ల ఆగిపోయాను’ అన్నది ఐదోదిగా చేర్చు. రెండు సగటుల తేడా చూస్తే, ఎవరినీ వేలెత్తి చూపకుండానే భయపడి ఆగినవాళ్ల వాటా తెలుస్తుంది. వందలమంది ఉంటే తప్ప ఇది పనిచేయదు, ముందే లెక్క చూసుకో.

2025 మేలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి బసవరాజు చనిపోయాక గాలి మారింది. ఇప్పుడు ఎవర్నడిగినా ‘మేం ఎప్పుడూ వాళ్ల వైపు లేం’ అంటారు. పదేళ్ల కిందటి జ్ఞాపకం మీద ఇవాళ్టి భయం కూర్చుని ఉంటుంది. చెప్పింది రాసుకో, నాటి ఫారం 20 పక్కన పెట్టి చూడు. రెండూ కలవకపోతే ఆ మనిషి అబద్ధమాడాడని మాత్రం రాయకు.

ఊరి పేర్లు అచ్చు వేయొద్దు. రెండొందల ఓట్ల బూత్‌లో లెక్క బయటపడితే ఊరంతా బయటపడ్డట్టే. ప్రభుత్వ అండతో మావోయిస్టుల మీద నడిచిన సల్వాజుడుం రోజుల్లో, ఛత్తీస్‌గఢ్ నుంచి ఇటు అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ ఆదివాసీల దగ్గర ఇంకా జాగ్రత్త. వాళ్ల గుంపులున్న చోటు జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోకు. ఫారెస్టు వాళ్లతో వాళ్ల గొడవ ఇంకా తెగలేదు. ఫోన్లో రికార్డు చేసినవి అక్కడే ఉంచుకుని చెక్‌పోస్టులు దాటకు.

ఫారం 20లు హిందీలో, స్కాన్ చేసిన కాగితాలుగా ఉంటాయి. ఎక్సెల్‌లోకి చేత్తోనే ఎక్కించాలి. కోంటా ముందు పూర్తిచేసి నాకు పంపు, బూత్ నంబర్లు మారినచోట ఇద్దరం కూర్చుని సరిచూద్దాం.

మీ మామయ్య