నేవీ డేకి విశాఖ రావాలా, ఇంకో నెల చూసుకోవాలా?

డిసెంబరు 4న నేవీ డే విన్యాసాలు చూడ్డానికి హైదరాబాద్ నుంచి పెద్దావిడతో, ఇద్దరు పిల్లలతో వద్దామనుకుంటున్నామని, ఆ తేదీ మంచిదేనా, లేక ఇంకో నెలలో వస్తే ఉత్సవాలు, జాతరలు ఎక్కువ దొరుకుతాయా అని అడిగారు. నెల మంచిదేనండీ. ఆ ఒక్క తేదీని నమ్ముకుని మాత్రం టికెట్లు తీయకండి.

విశాఖ తీరంలో జరిగేవి రెండు రకాలు. పంచాంగం ప్రకారం వచ్చేవి కొన్ని: చందనోత్సవం, గిరి ప్రదక్షిణ, మార్గశిర గురువారాలు, కార్తీక పౌర్ణమి, శివరాత్రి. వీటి తేదీలు ఏడాది ముందే తెలుస్తాయి, వాయిదా పడవు. ప్రకటన వస్తే తప్ప తేదీ తెలియనివి మిగతావి: నేవీ విన్యాసాలు, విశాఖ ఉత్సవ్, భీమిలి ఉత్సవ్, నేవీ మారథాన్. రెండో రకం కోసమే వస్తే సగం సార్లు నిరాశ తప్పదు. మొదటి రకంలో ఒకటి ఖాయం చేసుకుని, రెండోది కలిసొస్తే చూడ్డం తెలివైన పని.

ముందు నేవీ డే సంగతి. 1971 యుద్ధంలో మన నౌకలు కరాచీ రేవు మీద దాడి చేసిన రోజు డిసెంబరు 4. ఏళ్ల తరబడి ప్రధాన ప్రదర్శన ఆర్కే బీచ్‌లోనే జరిగేది. ఈమధ్య దాన్ని రాష్ట్రం మార్చి రాష్ట్రంలో పెడుతున్నారు. 2023లో మహారాష్ట్రలోని సింధుదుర్గ్ తీరానికి, 2024లో ఒడిశాలోని పూరీకి వెళ్లింది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే కాబట్టి విశాఖలోనూ విన్యాసాలు పెట్టారు గానీ, తేదీ మారింది. 2023లో డిసెంబరు 10న, ఆ తర్వాతిది ఏకంగా 2025 జనవరి 4న జరిగాయి. అందుకే నవంబరు మూడో వారం దాకా ఆగి, స్థానిక పత్రికల్లో తేదీ చూశాకే రైలో, బస్సో ఖాయం చేసుకోండి. రైలు ముందే తీసుకోక తప్పదంటే, రద్దు చేసుకున్నా పెద్దగా నష్టం రాని టికెట్ తీసుకోండి.

తేదీ కలిసొచ్చిందనుకుందాం. అసలు రోజుకంటే రిహార్సల్ రోజు మేలు, ముఖ్యంగా మీలా పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి. అవే హెలికాప్టర్లు, తాళ్ల మీద జారే అవే మార్కోస్ (నేవీ ప్రత్యేక దళం) కమాండోలు, అదే దూరంలో అవే నౌకలు. వీఐపీల హడావిడి మాత్రం ఉండదు, జనం సగం ఉంటారు. అసలు రోజున బీచ్‌లోని 1971 యుద్ధ స్మారకం, విక్టరీ ఎట్ సీ స్తూపం పరిసరాలు గ్యాలరీలకీ పాసులకీ పోతాయి. మధ్యాహ్నం నుంచే బీచ్‌రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. ఆటో మిమ్మల్ని సిరిపురం దగ్గరో, చినవాల్తేరు దగ్గరో దింపుతుంది, అక్కడి నుంచి నడకే. దిగేటప్పుడు పల్లం కాబట్టి తెలియదు. తిరుగు ప్రయాణంలో చీకట్లో, జనంలో, ఎత్తు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని ఈ దారిన తీసుకురావద్దు. బీచ్‌రోడ్డు మీదే గది దొరికితే బాల్కనీలోంచి చూడొచ్చు. దొరక్కపోతే ఆవిణ్ని గదిలో ఉంచి రావడమే నయం.

ఆర్కే బీచ్ తూర్పు ముఖంగా ఉంటుంది, సాయంత్రం ఎండ మన వెనక నుంచి పడుతుంది. ఫొటోలకు ఇది వరం. నౌకలు మాత్రం ఫోన్ కెమెరాలో చుక్కల్లా పడతాయి, ఓ మామూలు బైనాక్యులర్ ఉంటే పిల్లలు మిమ్మల్ని విసిగించరు. అంతా అయిపోయిందని చీకటి పడగానే లేచి పరిగెత్తకండి. లంగరు వేసిన నౌకలకు దీపాలు వెలిగించేది ఆ తర్వాతే. ఆ అరగంట కూర్చుంటే రోడ్డు మీద తొక్కిసలాట కూడా తగ్గుతుంది. సెల్ సిగ్నల్ ఆ గంటల్లో పనిచెయ్యదు, విడిపోతే ఎక్కడ కలవాలో ముందే చెప్పుకోండి.

బీచ్‌రోడ్డు మీదున్న కురుసుర జలాంతర్గామి మ్యూజియాన్ని విన్యాసాల రోజున పెట్టుకోవద్దు. సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం 2 తర్వాతే లోపలికి పంపుతారు, ఆదివారం పొద్దున్న కూడా కాసేపు తెరుస్తారు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఈ జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. లోపల దారి మాత్రం ఒక మనిషి పట్టేంతే. గది నుంచి గదికి వెళ్లాలంటే గుండ్రటి ఇనుప ద్వారంలోంచి ముందు కాలు, తర్వాత తల వంచి దూరాలి. పిల్లలకు అదే సరదా. నడుం వంగని వాళ్లకీ, ఇరుకంటే ఊపిరాడని వాళ్లకీ నరకం, మధ్యలో వెనక్కి తిరగడానికి వెనకవాళ్లు సందివ్వరు. దారి చూపేది మాజీ నావికులు, వాళ్లని ప్రశ్నలు అడగండి, బోర్డులు చదవడంకన్నా అదే ఎక్కువ నేర్పుతుంది. రోడ్డుకి అవతల ఉన్న టీయూ-142 నౌకాదళ నిఘా విమానం 2017లో సర్వీసు నుంచి తప్పుకుంది. దాన్ని బయటి నుంచి చూసినా చాలు, రెక్క కింద నిలబడితే దాని సైజు తెలుస్తుంది.

డిసెంబరులో పంచాంగం ప్రకారం గ్యారంటీగా దొరికేది మార్గశిర గురువారం. పాతబస్తీలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి గర్భగుడి పైకప్పు ఉండదు, అమ్మవారు ఆరుబయటే ఉంటుంది. భక్తులే స్వయంగా పసుపు కుంకుమలు పెట్టి పూజ చేసుకునే ఆచారం. మార్గశిర గురువారాల్లో బుధవారం అర్ధరాత్రి నుంచే వరుస కడతారు. సందులు ఇరుకు, కారు దూరదు. రద్దీ పడదనుకుంటే అదే నెలలో శనివారమో, సోమవారమో వెళ్లండి. అమ్మవారు అదే, వరుస అరగంటలో కదులుతుంది. మీ ఇంటి పెద్దావిడకి ఇది నేవీ విన్యాసాలకన్నా నచ్చుతుందని నా అంచనా.

సముద్రంలో దిగే విషయం ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఆర్కే బీచ్ ఈతకి కాదు, ఏ నెలలోనూ కాదు. ఒడ్డు దగ్గరే అడుగు ఒక్కసారిగా లోతుకి పోతుంది, వెనక్కి వెళ్లే నీరు కాళ్ల కింద ఇసుకని లాగేస్తుంది. అలలు విరిగే తెల్లటి నురుగు వరుసలో ఎక్కడైనా ఒక ఖాళీ, కాస్త ముదురు రంగులో, పైకి ప్రశాంతంగా కనిపిస్తే, నీరు లోపలికి లాగే దారి అదే. కొత్తవాళ్లు అలలు లేవు కదా అని సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకూడదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి తిరగాలి. పిల్లల్ని నీళ్లలో ఆడించాలంటే రుషికొండ వెళ్లండి. శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ 2020లో వచ్చిన బీచ్ అది. ఈతకి హద్దు కట్టిన జాగా, కాపలాకి లైఫ్‌గార్డులు ఉంటారు. ఆ హద్దు దాటితే రుషికొండ కూడా ఆర్కే బీచే.

ఇక డిసెంబరు కాకపోతే ఏ నెల? పిల్లలుంటే నా ఓటు మార్చికి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రుళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. తల్లి వెనక కాళ్లతో అడుగున్నర లోతు కుండలాంటి గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటి బరువుతో అటూ ఇటూ ఊగుతూ ఆ ఇసుకని దిమ్మిస చేసి వెళ్లిపోతుంది. కుక్కలు, నక్కలు తవ్వేలోపే అటవీ శాఖ మనుషులు ఆ గుడ్లు తీసి, జోడుగుళ్లపాలెం, చేపలుప్పాడ లాంటిచోట్ల కంచె వేసిన హేచరీల్లో అదే లోతులో పాతిపెడతారు. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక మధ్యలో ముందు చిన్న గుంట పడుతుంది, తర్వాత ఒక ముక్కు, తర్వాత ఒక్కసారిగా పదులకొద్దీ పిల్లలు.

వాటిని తెల్లవారుజామున సముద్రంలోకి వదులుతారు. ఏ రోజు ఏ గుంత పగులుతుందో ముందే చెప్పడం ఎవరివల్లా కాదు, అందుకని ఒకే రోజు పెట్టుకుని రావద్దు. వరసగా మూడు ఉదయాలు సూర్యోదయానికి ముందే హేచరీ దగ్గరుంటే అవకాశం బాగుంటుంది. మార్చిలో ఇక్కడ ఆరు దాటగానే సూర్యుడు వచ్చేస్తాడు, 5:30కల్లా చేరాలి. కాపలా మనిషిని మర్యాదగా అడగండి, కంచె మీద చెయ్యి వెయ్యకండి. పిల్ల తాబేళ్లని చేత్తో నీళ్లలో వెయ్యకూడదు, ఆ పది గజాలూ అవే పాక్కుంటూ పోవాలి. అన్నిటికన్నా ఎక్కువ జరిగే తప్పు ఫోన్ లైటు. అవి వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి, సముద్రం మీది వేకువ వెలుగే వాటి దిక్సూచి. వెనక నుంచి మీరు టార్చ్ వేస్తే రోడ్డు వైపు తిరుగుతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి కాబట్టి, చేతిలో పట్టుకుని సెల్ఫీ దిగితే కేసు కూడా అవుతుంది. అదే సీజన్‌లో వలల్లో చిక్కి చనిపోయిన పెద్ద తాబేళ్లు ఒడ్డుకి కొట్టుకొస్తాయి. మీ పిల్లలు చూసి బెంబేలెత్తకుండా ముందే చెప్పండి.

అక్షయ తృతీయకి సింహాచలం చందనోత్సవం. ఏడాదంతా చందనం కింద ఉండే స్వామి నిజరూపం ఆ ఒక్కరోజే కనిపిస్తుంది. ఆ రాత్రి నుంచి మళ్లీ చందనం పూత, నాలుగు విడతల్లో, విడతకి మూడు మణుగులు, అంటే సుమారు 120 కిలోలు. పెద్దావిడని ఆ రోజు మాత్రం తీసుకురావద్దు. ఏప్రిల్ చివరి ఉక్క, గంటల తరబడి నిలబడ్డం, పైగా హఠాత్తుగా వచ్చే గాలివాన. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున అలాంటి వానకే 300 రూపాయల వరుస పక్కన గోడ కూలి ఏడుగురు చనిపోయారు. దర్శనమే కావాలంటే మామూలు రోజు వెళ్లండి.

నడవగల వాళ్లకి మాత్రం ఆషాఢ పౌర్ణమి ముందురోజు గిరి ప్రదక్షిణకి మించింది ఈ ఊళ్లో లేదు. సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్లు, లక్షల మంది. 2025లో జులై 9న జరిగింది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చినందువల్ల జులై నెలాఖరుకి పోతుంది. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ దగ్గర సముద్రానికి, అక్కణ్నుంచి ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం, మళ్లీ సింహాచలం. ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది.

చాలామంది ఆగిపోయేది దూరం వల్ల కాదు, పాదాల వల్ల. అప్పుఘర్‌లో స్నానం చేసి, తడి కాళ్లకి ఇసుక అంటుకుని అలాగే తారురోడ్డు ఎక్కుతారు. సీతమ్మధార వచ్చేసరికి బొబ్బలు. చిన్న తువ్వాలు దగ్గర పెట్టుకుని, వేళ్ల సందుల్లో ఇసుక పూర్తిగా తుడిచి, కాస్త కొబ్బరినూనె రాసుకుని బయల్దేరండి. ఆషాఢంలో సముద్రం ఉగ్రంగా ఉంటుంది. మునగక్కర్లేదు, నీళ్లు నెత్తిన చల్లుకుంటే చాలు. తిండి మొయ్యకండి. దారి పొడవునా పులిహోర, మజ్జిగ, అరటిపళ్లు పంచుతూనే ఉంటారు, వద్దన్నా చేతిలో పెడతారు. మధ్యాహ్నం మొదట్లోనే బయల్దేరితే రోడ్డు కాలుతుంది, సాయంత్రం నాలుగు తర్వాత మేలు. మధ్యలో మానెయ్యాలనిపిస్తే దారి మీద ఆటో కోసం చూడొద్దు, అటు బళ్లు రానివ్వరు. ఏదో అడ్డరోడ్డులోకి అరకిలోమీటరు నడిస్తే దొరుకుతుంది.

మేలో రావడం వృథా అనను గానీ, చేపల కోసం వచ్చేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, తాజా చేప తక్కువ, ధర ఎక్కువ. కార్తీక పౌర్ణమి సాయంత్రం సముద్రంలోంచి చంద్రుడు పైకొచ్చే దృశ్యం కోసం వచ్చేవాళ్లు వేరే జాగ్రత్త పడాలి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, 2014లో హుద్‌హుద్ ఊరిని దెబ్బకొట్టింది అక్టోబరు 12న. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండంగా మారిందని కనిపిస్తే, గది రద్దుకి డబ్బు తిరిగొచ్చే గడువు దాటకముందే నిర్ణయం తీసేసుకోండి.

విశాఖ ఉత్సవ్, భీమిలి ఉత్సవ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వేదిక, పాటలు, ఆహార స్టాళ్లు, ఫలపుష్ప ప్రదర్శన. ఉంటే ఓ సాయంత్రం గడుస్తుంది. భీమిలిని మాత్రం ఉత్సవం లేనప్పుడే చూడండి. గోస్తని సముద్రంలో కలిసేచోటు, డచ్చివాళ్ల సమాధులు, దారిలో ఎర్రమట్టి దిబ్బలు, అన్నీ కలిపి ఒక పూట. దిబ్బల్లోకి పొద్దున్న తొమ్మిదిలోపే వెళ్లి వచ్చెయ్యండి, నీడ ఉండదు. మారథాన్ ఆదివారం పొద్దున్న బీచ్‌రోడ్డు మూసేస్తారు కాబట్టి, ఆ రోజు ఉదయం రైలుంటే స్టేషన్‌కి బయల్దేరే ముందు ఏ దారి తెరిచి ఉందో హోటల్‌లో అడగండి.