ఇండోర్ మైలులో మెరిసిన కుర్రాడిని నిజంగా గొప్ప రన్నర్ అనొచ్చా?

టైమ్‌ను నమ్మొచ్చు, దాన్ని బట్టి పతకాలు లెక్కపెట్టకూడదు. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో జరిగిన మిల్‌రోజ్ గేమ్స్ అనే ఇండోర్ పోటీల్లో 18 ఏళ్ల ఆస్ట్రేలియా కుర్రాడు కామెరన్ మైయర్స్ మైలును 3:47.48లో ముగించాడు. వచ్చింది మూడో స్థానమే. గెలిచిన అమెరికా రన్నర్ యారెడ్ నుగుసే 3:46.63తో ఇండోర్ ప్రపంచ రికార్డు కొట్టాడు. ఐదు రోజులు తిరక్కుండానే నార్వే రన్నర్ యాకబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ ఫ్రాన్స్‌లో దాన్ని 3:45.14కి దించేశాడు.

"ట్రాక్ స్పీడ్‌ది, అందుకే ఆ టైమ్" అనేవాళ్ల మాటలో సగమే నిజం. ఇండోర్ ట్రాక్ 200 మీటర్లే. మైలంటే ఎనిమిది రౌండ్లు, పైన తొమ్మిది మీటర్లు. అంటే పదహారు మలుపులు. మలుపు దగ్గర ట్రాక్ లోపలి వైపుకు వాలుగా ఉంటుంది కాబట్టి వేగం పెద్దగా తగ్గదు, గాలి బెడద అసలే ఉండదు. కానీ మలుపులో ఎవరినైనా దాటాలంటే బయటి నుంచి ఎక్కువ దూరం పరిగెత్తాలి, వాలు ఎక్కాలి. గుంపులో ఇరుక్కుంటే అంతే సంగతులు. అందుకే ముందు పేసర్ (వేగం కుదర్చడానికి ముందు పరిగెత్తి, మధ్యలో తప్పుకునేవాడు) ఉండి, దారి ఖాళీగా దొరికినవాడికి టైమ్ బాగా వస్తుంది.

నాకు అసలు సందేహం అక్కడే. ఛాంపియన్‌షిప్ ఫైనల్లో పేసర్ ఉండడు. 2024 పారిస్ ఒలింపిక్స్ 1500 మీటర్ల ఫైనల్లో అప్పటి ఒలింపిక్ చాంపియన్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ తనే ముందుండి రేసును లాగాడు. చివర్లో వెనకబడి నాలుగోవాడయ్యాడు. అమెరికా రన్నర్ కోల్ హాకర్ లోపలి వైపు సందు చూసుకుని 3:27.65తో స్వర్ణం పట్టుకుపోయాడు.