అమ్మను చూసుకున్న చెల్లికి ట్రస్టు డబ్బు ఇవ్వవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, పక్షవాతంతో మంచం పట్టిన మా అమ్మను ఆరేళ్ల పాటు మా చెల్లే చూసుకుంది, అందుకోసం ఉద్యోగం కూడా మానేసింది. అమ్మ పోయాక అన్నయ్యా నేనూ అమ్మ పేరు మీద ట్రస్టు పెట్టి, ఇలా ఇంట్లో రోగిని చూసుకుంటున్న పేదవాళ్లకు నెలకు ఐదు వేలు ఇద్దామనుకుంటున్నాం. మొదటి సాయం చెల్లికే ఇవ్వాలని మా కోరిక. అన్నయ్య అమెరికా నుంచి డబ్బు పంపుతాడు. రోగికి కాకుండా చూసుకునే మనిషికి ఇస్తే అది ధర్మకార్యం కిందకి వస్తుందా? తీసుకున్నవాళ్లకు పన్ను పడుతుందా? వీళ్లంతా సంఘంగా ఏర్పడి ప్రభుత్వాన్ని భత్యం అడిగితే ఆ ఖర్చు ట్రస్టు పెట్టుకోవచ్చా?

జవాబు: ముందు చెల్లి సంగతి తేల్చుకుందాం, మీ ప్లాన్‌లో చిక్కంతా అక్కడే ఉంది. ట్రస్టు నుంచి ఆమెకు రూపాయి కూడా సాయంగా ఇవ్వకండి. ట్రస్టు పెట్టినవాళ్లు, ట్రస్టీలు, వాళ్ల దగ్గరి బంధువులు ట్రస్టు డబ్బుతో లాభం పొందకూడదని 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 13వ సెక్షన్ చెబుతుంది, తోబుట్టువులు ఆ బంధువుల్లోకే వస్తారు. ఆమె నిజంగా కష్టంలో ఉందా, అర్హురాలేనా అన్నది అక్కడ లెక్కలోకి రాదు, చుట్టరికం ఒక్కటే చూస్తారు. ఏడాదికి అరవై వేలు ఇచ్చారనుకోండి, దాని మీద 30 శాతం పన్ను, పైగా మొదటిసారికి ఇచ్చిన మొత్తమంత పెనాల్టీ, మళ్లీ చేస్తే పెనాల్టీ రెట్టింపు. అంటే చెల్లికి ఇచ్చినదానికంటే ఎక్కువే ట్రస్టు పోగొట్టుకుంటుంది.

అలాగని చెల్లిని వదిలేయమని కాదు. మీ ఇద్దరూ సొంత జేబులోంచి ఇవ్వండి. అన్నదమ్ములు అక్కచెల్లెళ్లకు ఇచ్చే డబ్బుకు పరిమితి లేదు, ఆమెకు దాని మీద పన్నూ లేదు. మీరు అడగలేదు గానీ ఇంకో మాట: ఇల్లో పొలమో అమ్మ పేరున ఉండి ఆవిడ వీలునామా రాయకుండా పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం పిల్లలందరికీ, నాన్నగారు ఉంటే ఆయనకూ, సమాన వాటా వస్తుంది. మీ అన్నదమ్ములు మీ వాటాలు వదులుకుంటూ చెల్లి పేరున రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయించవచ్చు. ఉద్యోగం మానేసిన మనిషికి నెలకు ఐదు వేలకంటే అది చాలా పెద్ద ఆసరా, నా ఉద్దేశంలో న్యాయం కూడా. ఇక ఆమె నిజంగా ట్రస్టులో కూర్చుని దరఖాస్తులు చూడటం, ఇళ్లకు వెళ్లి వాకబు చేయడం లాంటి పని చేస్తే, ఆ పనికి తగిన జీతం ఇవ్వవచ్చు. పని లేకుండా జీతం రాస్తే మాత్రం మళ్లీ మొదటికే వస్తారు.

చూసుకునే మనిషికి ఇవ్వడం ధర్మకార్యమేనా అన్నారు. ఔను. ఆదాయపు పన్ను చట్టం 2(15) సెక్షన్‌లో పేదలకు సాయం, చదువు, వైద్యంతో పాటు సాధారణ ప్రజా ప్రయోజనం కూడా ఉంది. పేదలకు సాయం అనే మాట కింద మీ పథకం హాయిగా ఇముడుతుంది, కాకపోతే కుటుంబ ఆదాయం ఇంతకు మించకూడదని ఒక హద్దు పెట్టుకోండి. ఆ అంకెను ట్రస్టు డీడ్‌లో రాయకండి, డీడ్ మార్చడం పెద్ద తలనొప్పి. ట్రస్టీల తీర్మానంలో రాసుకుంటే ధరలు పెరిగినప్పుడు మార్చుకోవచ్చు.

డీడ్‌లో "సంరక్షకులు" అంటే ఎవరో మాత్రం స్పష్టంగా ఉండాలి. దీనికి మంచి నమూనా 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దొరుకుతుంది. వికలాంగుడైన మనిషికి జీతం తీసుకునో తీసుకోకుండానో సంరక్షణ, తోడ్పాటు ఇచ్చే ఎవరైనా, తల్లిదండ్రులు, ఇతర కుటుంబ సభ్యులు సహా, సంరక్షకులేనని దాని 2(డి) సెక్షన్ చెబుతుంది. మీరు దానికి దీర్ఘకాల రోగులనూ వృద్ధులనూ కలుపుకోండి. ఇంటి మనిషి చేసేది పనే కాదనే వాదన ఎవరైనా ఎత్తితే, కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసులో 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించండి. అది రోడ్డు ప్రమాద పరిహారం కేసు, ట్రస్టుల కేసు కాదు, కానీ అందులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయం చదవదగ్గది: జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారన్న 2019 సర్వే లెక్కను చూపించి, ఆ శ్రమకు విలువ కట్టాల్సిందేనన్నారు.

ఫలానా కులం వాళ్లకే, ఫలానా మతం వాళ్లకే అని మాత్రం రాయకండి. అలా రాస్తే పన్ను మినహాయింపు రాదు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టే ట్రస్టులకు ఆ అడ్డు లేదు. అయినా ఆడవాళ్లకే అని పరిమితం చేయడం ఎందుకు? మంచాన పడ్డ భార్యను చూసుకునే భర్తలు తక్కువేగానీ లేకపోలేదు.

డబ్బు బ్యాంకు ఖాతాలోనే వేయండి. ఒక మనిషికి ఒక రోజులో పదివేలు దాటి నగదు ఇస్తే అది ట్రస్టు ఖర్చుగా లెక్కకు రాదు. దరఖాస్తు, రోగి వైద్య పత్రం, ఆదాయ ధ్రువీకరణ, ఎందుకు మంజూరు చేశారో రెండు వాక్యాలు, ఇవి ఫైల్లో ఉంటే చాలు. ఇన్ని గంటలు పనిచేయాలి, ఇలా చేయాలి అని షరతులు పెట్టకండి, అలా పెడితే సాయం కాస్తా జీతంలా కనిపించి కార్మిక చట్టాల గొడవలోకి వెళతారు.

తీసుకునేవాళ్ల పన్ను గురించి టెన్షన్ అక్కర్లేదు. ట్రస్టుకు 12ఏబీ రిజిస్ట్రేషన్ (ఆదాయపు పన్ను మినహాయింపు కోసం చేయించుకునేది) ఉంటే, దాని నుంచి వచ్చే సాయం ఏడాదికి యాభై వేలు దాటినా వాళ్ల ఆదాయంలో కలవదు. రిజిస్ట్రేషన్ లేకపోతే కలుస్తుంది, అప్పుడు కూడా వేరే ఆదాయం లేనివాళ్లకు పన్ను కట్టేంత పరిస్థితి రాదు. నేను చెప్పినవి 1961 చట్టం నంబర్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు తేదీ ఉన్న 2025 ఆదాయపు పన్ను చట్టంలో నంబర్లు వేరు, దరఖాస్తు నింపేటప్పుడు మీ ఆడిటర్ అవి చూసుకుంటారు.

అన్నయ్య డబ్బు విషయంలో ఒకే ప్రశ్న: ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిది? ఇండియా పాస్‌పోర్టే అయితే తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద రిజిస్ట్రేషన్ కావాలి, అది దొరకాలంటే మామూలుగా ట్రస్టుకు మూడేళ్లు నిండి, ఆ మూడేళ్లలో పదిహేను లక్షలు అసలు పని మీద ఖర్చయి ఉండాలి. లేదంటే ఫలానా దాత, ఫలానా మొత్తం అని ముందస్తు అనుమతి అడగాలి. "నా ఖాతాలోకి పంపించుకుని నేను ట్రస్టుకు వేస్తాను" అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. అది చేయకండి, చట్టాన్ని తప్పించుకోవడానికే అలా చేశారంటారు. చెల్లికి నేరుగా పంపడానికి మాత్రం ఇబ్బంది లేదు, బంధువుల నుంచి వచ్చే డబ్బుకు ఆ చట్టంలోనే వెసులుబాటు ఉంది, ఏడాదికి పది లక్షలు దాటితేనే కేంద్రానికి తెలియజేయాలి.

చివరగా సంఘం సంగతి. వికలాంగుల చట్టం 24వ సెక్షన్‌లో ఎక్కువ తోడ్పాటు అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం గురించి ఇప్పటికే ఉంది, దాన్ని అమలు చేయమని అడగడం తప్పెలా అవుతుంది? చట్టాలను సమర్థించడం, వ్యతిరేకించడం అనేది ట్రస్టు అసలు పనికి అనుబంధంగా ఉంటే ధర్మకార్యం అనే హోదా పోదని 1964లో ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి వినతిపత్రాలు, అవగాహన సభలు, న్యాయ సహాయం ఖర్చులు పెట్టుకోండి, డీడ్‌లోని ఉద్దేశాల్లో ఆ మాట ముందే రాయించండి. ఏ పార్టీకీ, అభ్యర్థికీ పైసా ఇవ్వకూడదు, సంఘం సభకు ట్రస్టు డబ్బుతో వేసిన షామియానా కింద ఎన్నికల ప్రచారం జరిగినా సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.