చానెల్ ఆదాయంలో వాటాకు ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. డిగ్రీ చేసి ఇంటివద్దే వీడియో ఎడిటింగ్ చేస్తున్నాను. నల్లగొండలో వంటల చానెల్ నడిపే ఒక అక్క, జీతానికి బదులు ఆదాయంలో సగం ఇస్తానంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఏ ఆదాయంలో సగమో ముందు తేల్చుకోండి. యూట్యూబ్ ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు గానీ ఉండాలి. అవి లేని చానెల్‌లో సగమంటే ప్రస్తుతానికి సున్నాలో సగమే. ఉన్నా, పెద్ద వీడియోల ప్రకటనల రాబడిలో 55 శాతమే చానెల్‌కు దక్కుతుంది. అదీ ఆమె యాడ్‌సెన్స్ (ప్రకటనల సొమ్ము చెల్లించే గూగుల్ సేవ) ఖాతాలోనే పోగై, 100 డాలర్లయ్యాక ఆమె బ్యాంకు ఖాతాకే వస్తుంది కాబట్టి, మీ వంతు ఆమె చేతిమీదుగా రావలసిందే.

పాస్‌వర్డ్ ఇచ్చినా తీసుకోకండి. చానెల్‌ను నిర్వహించే యూట్యూబ్ స్టూడియోలోని అనుమతుల్లో మిమ్మల్ని ఎడిటర్‌గా చేర్చమనండి. ‘పరిమిత ఎడిటర్’గా చేరిస్తే ఆదాయపు లెక్కలు కనిపించవు. అయితే ఏ మసాలా కంపెనీయో, మిర్యాలగూడ బియ్యం మిల్లువారో ప్రచారం కోసం ఆమెకు నేరుగా ఇచ్చే సొమ్ము స్టూడియోలో ఎక్కడా కనబడదు. చిన్న చానెళ్లకు గిట్టుబాటు అక్కడే, పేచీలూ అక్కడే. అందులో మీ వాటా ఎంతో, మీరు మానుకున్నాక పాత వీడియోల రాబడి ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. నన్నడిగితే, మొదటి ఆరు నెలలు వీడియోకు ఇంతని కూలి, ఆపైన చిన్న వాటా అడగడం మేలు.