ఓనర్ చూపించిన కాలిబాట నేషనల్ పార్క్‌లోకి వెళ్లింది.. మాపై కేసు పెడతారా? అద్దె వెనక్కి వస్తుందా?

ప్రశ్న: నేషనల్ పార్క్ పక్కన, చెట్ల మధ్య ఒంటరిగా ఉన్న ఒక అపార్ట్‌మెంట్‌ను బుకింగ్ యాప్‌లో 3 రాత్రులకు తీసుకున్నాం. అద్దె, డిపాజిట్ ముందే కట్టేశాం. ‘ఏ వేళకైనా రావచ్చు. ఇంటి వెనక నుంచే మా సొంత అడవి దారి’ అని ప్రకటనలో రాశారు. మేం రాత్రి పదింటికి వెళ్లేసరికి అటవీ శాఖ చెక్‌పోస్టు మూసేశారు. తెల్లారేదాకా వదల్లేదు. ఆ రాత్రికి వెనక్కి వచ్చి వేరే గది తీసుకున్నాం. మర్నాడు ఓనర్ చూపించిన బాటలో నడుస్తుంటే అటవీ సిబ్బంది ఆపి, ఇది పార్క్ లోపలి భాగమని చెప్పి పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకున్నారు. అందులో ఒకరు ఇక్కడే డబ్బిచ్చి తేల్చుకుంటే కేసుండదన్నారు. మేం ఏమీ ఇవ్వలేదు. వంటగదిలోకి కోతులు దూరి పాడుచేశాయని ఓనర్ డిపాజిట్ మొత్తం ఉంచేసుకున్నారు. మొదటి రాత్రి అద్దె కూడా ఇవ్వరట. మాపై కేసు పెడతారా? డబ్బు సంగతేమిటి? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు అటవీ శాఖ సంగతి చూద్దాం. డబ్బు విషయంలో మీకు 2 ఏళ్ల గడువుంది, కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు. అటవీ కేసులో అలా కాదు. ఇప్పుడు తొందరపడి చెప్పిన మాటను, పెట్టిన సంతకాన్ని తర్వాత వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు. 35వ సెక్షన్ ఇదే నిబంధనను నేషనల్ పార్క్‌కూ వర్తింపజేసింది. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగులు, లోపల స్థిరాస్తి హక్కు ఉన్నవారు, పార్క్ మీదుగా వెళ్లే ప్రజా రహదారిపై ప్రయాణించేవారు లాంటి కొందరికి మినహాయింపు ఉంది. పర్యాటకులకు 28వ సెక్షన్ కింద పర్మిట్ ఇస్తారు. దాన్ని ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది, ఆయన అధికారమిచ్చిన వారిది. ఇంటి ఓనర్‌కు ఆ అధికారం లేదు. ఆయన తన గేటు దాకానే మాట ఇవ్వగలరు. కంచె దాటాక మీ కాళ్లు ఎక్కడ పడ్డాయన్నదే చట్టం చూస్తుంది. రహదారి మినహాయింపు కూడా ప్రయాణించేవారికే. రోడ్డు పక్కన బండి ఆపి అడవిలోకి దిగేవారికి అది వర్తించదు. ఓనర్లు తమ సొంత జీపులో తీసుకెళ్తామనే ‘నైట్ సఫారీ’లకూ ఇదే సూత్రం. పర్మిట్ లేకపోతే ఎక్కినవారూ నేరంలో భాగస్వాములే.

శిక్ష ఎంతన్నది మీరు నడిచిన చోటును బట్టి ఉంటుంది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మామూలు ఉల్లంఘనకు 51వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కానీ మన నేషనల్ పార్కుల్లో చాలావాటి భూభాగం టైగర్ రిజర్వ్‌ల కోర్ ఏరియాలో, అంటే పులుల కోసం ప్రత్యేకంగా కాపాడే లోపలి భాగంలో ఉంది. కోర్‌కు సంబంధించిన నేరమైతే కనీస శిక్షే 3 ఏళ్లు, గరిష్ఠం 7 ఏళ్లు. ఈ తేడా వల్ల మరో రెండు విషయాలు మారతాయి. మొదటిది రాజీ. 54వ సెక్షన్ కింద రుసుము కట్టి కేసు ముగించుకునే వీలుంది, కానీ కనీస జైలు శిక్ష నిర్ణయించిన నేరాలకు అది కుదరదు. రెండోది కాలపరిమితి. 3 ఏళ్ల దాకా శిక్ష పడే నేరాలను కోర్టు విచారణకు స్వీకరించడానికి క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 514వ సెక్షన్ 3 ఏళ్ల గడువు పెట్టింది. కోర్ నేరాలకు అలాంటి గడువు లేదు. కాబట్టి మీరు ముందుగా తేల్చుకోవాల్సింది, మిమ్మల్ని ఆపిన చోటు కోర్‌లో ఉందా, కోర్ కాని పార్క్ భాగంలో ఉందా, లేక బయటి రిజర్వ్ ఫారెస్ట్‌లో ఉందా అన్నది. రిజర్వ్ ఫారెస్ట్ అయితే ఆ రాష్ట్ర అటవీ చట్టం వర్తిస్తుంది, నిబంధనలు వేరుగా ఉంటాయి.

ఇది తెలుసుకోవడానికి మళ్లీ అక్కడికి వెళ్లకండి. బోర్డు ఫొటో తీసుకొద్దామని రెండోసారి లోపల అడుగుపెడితే, హద్దు తెలియదన్న మీ వాదన అక్కడితో చచ్చిపోతుంది. ఆ రోజు ఫోన్‌లో నమోదైన లొకేషన్, ఫొటోల్లో నిక్షిప్తమైన అక్షాంశ రేఖాంశాలు చాలు. పార్క్ హద్దులు నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటాయి. దాని ప్రతి, మ్యాపు కావాలని డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తులో ఈ రెండూ తప్ప మరేమీ అడగొద్దు. ‘ఫలానా రోజు మేం వెళ్లాం’ అనే కథనం అందులో రాయనే రాయకండి.

మీకు నిజంగా పనికొచ్చే రక్షణ ఒకటుంది. భారతీయ న్యాయ సంహిత 17వ సెక్షన్ ప్రకారం, వాస్తవాన్ని పొరబడి, తాను చేస్తున్నది చట్టబద్ధమేనని సద్బుద్ధితో నమ్మి చేసిన పని నేరం కాదు. ప్రత్యేక చట్టాల కింది నేరాలకూ ఇది వర్తిస్తుంది. ‘పార్క్‌లోకి పర్మిట్ కావాలని మాకు తెలియదు’ అంటే అది చట్టం తెలియకపోవడం, ఒప్పుకోరు. ‘ఆ నేల ఓనర్‌ సొంతమని ప్రకటన చూసి నమ్మాం’ అంటే అది వాస్తవాన్ని పొరబడడం. అయితే సద్బుద్ధి అంటే తగిన జాగ్రత్త తీసుకుని నమ్మడం. దారిలో హద్దురాళ్లు, హెచ్చరిక బోర్డు, కందకం దాటి వెళ్లి ఉంటే ఈ వాదన బలహీనపడుతుంది. ఏవీ లేకుండా ఇంటి పెరట్లోంచే బాట సాగిపోయి ఉంటే మీ వాదనకు పట్టు ఉంది. అందుకే ‘మా సొంత అడవి దారి’ అన్న ఆ ఒక్క వాక్యం స్క్రీన్‌షాట్ మీకు బంగారం. దారి చూపించిన ఓనర్‌కూ బాధ్యత తప్పదు. ఉల్లంఘనకు ప్రేరేపించినవారిని వన్యప్రాణి చట్టం 52వ సెక్షన్ ఉల్లంఘించినవారితో సమానంగానే చూస్తుంది.

డబ్బిచ్చి అక్కడే తేల్చుకోకపోవడం మంచి పని. రాజీ రుసుము తీసుకునే అధికారం రాష్ట్రంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు, లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన డిప్యూటీ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారికే ఉంటుంది. రాతపూర్వక ఉత్తర్వు, రసీదు లేకుండా అడవిలో సిబ్బంది చేతికిచ్చిన డబ్బు రాజీ కాదు. అది లంచం, ఇచ్చినవారూ చిక్కుకుంటారు. ఇక పిలుపు వస్తే తప్పించుకోకుండా వెళ్లండి, కానీ న్యాయవాదితో వెళ్లండి. అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి వన్యప్రాణి చట్టం 50వ సెక్షన్ కింద నిందితుల సమక్షంలో నమోదు చేసిన సాక్ష్యం తర్వాత కోర్టులో చెల్లుతుంది. రాసింది మీకు రాని భాషలో ఉంటే చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం చేయండి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఈ చట్టం కింద పోలీస్ ఎఫ్‌ఐఆర్ లేకుండానే అధీకృత అధికారి ఫిర్యాదుపై మేజిస్ట్రేట్ కేసు చేపట్టవచ్చు. అందుకని ‘ఎఫ్‌ఐఆర్ రాలేదు కదా’ అని నిశ్చింతగా ఉండకండి.

ఇక డబ్బు. కొద్ది రోజుల బస అద్దెదారు హక్కు కాదు. ఈజ్‌మెంట్స్ చట్టంలోని లైసెన్సు లాంటిది, అంటే ఆ చోటును వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. కాబట్టి అద్దె చట్టాల జోలికి పోనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ‘సేవ’ నిర్వచనంలో బస, భోజన వసతి స్పష్టంగా ఉన్నాయి. చెక్‌పోస్టు మూసేసింది ఓనర్ కాదు, నిజమే. కానీ అడవి మీదుగా వెళ్లే రోడ్లు రాత్రిళ్లు మూసేయడం అక్కడ ఉండేవారికి కొత్త సంగతి కాదు. బందీపూర్ మీదుగా వెళ్లే హైవేల్లో 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలపై నిషేధం ఉంది. మీ దారికీ అలాంటి వేళలే ఉండి, అది తెలిసి కూడా ‘ఏ వేళకైనా రావచ్చు’ అని రాస్తే అది సేవాలోపం, తప్పుదోవ పట్టించే ప్రకటన. ప్రకటనలో అడుగున ఎక్కడైనా చెక్‌పోస్టు వేళలు రాసి ఉన్నాయేమో మాత్రం నిజాయతీగా చూసుకోండి. ఉంటే మొదటి రాత్రి అద్దె మీద ఆశ వదులుకోవడం మేలు.

వాపసు ఉండదన్న రద్దు నిబంధన ఇక్కడ అడ్డు రాదు. మీరు రద్దు చేసుకోలేదు, చెప్పిన సేవ అందలేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోని 6వ నిబంధన ప్రకారం, సేవ లోపభూయిష్టంగా ఉన్నా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా అమ్మకందారు డబ్బు వాపసు నిరాకరించకూడదు. ‘మేం మధ్యవర్తులం మాత్రమే’ అని యాప్ అంటుంది. అయినా దాని బాధ్యతలు దానికున్నాయి. గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. మీరు రాతపూర్వకంగా అడిగితే ఓనర్ చిరునామా, ఈమెయిల్ ఇవ్వాలి. ఈ చివరిది తప్పక అడగండి. యాప్‌లో ‘హోస్ట్’ పేరు ఒకటుంటుంది, ఆస్తి మరొకరిదై ఉంటుంది. నోటీసు చిరునామాకు చేరక తిరిగొచ్చే కేసులు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి.

కోతుల విషయానికి పెద్ద చర్చ అక్కర్లేదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం డిపాజిట్ ఉన్నంత మాత్రాన మొత్తం మింగేయకూడదు, సహేతుకమైన నష్టపరిహారమే తీసుకోవాలి. నష్టమే జరగని చోట జప్తు చెల్లదని సుప్రీంకోర్టు 2015లో కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసులో చెప్పింది. విరిగిన వస్తువుల ఫొటోలు, మరమ్మతు బిల్లులు ఓనరే చూపించాలి. కిటికీలు మూయమని ముందే రాసిచ్చినా మీరు తెరిచి వెళ్లి ఉంటే, బిల్లు మేరకు కట్టడం ధర్మం. గడియ పట్టని కిటికీ, జాలీ లేని వెంటిలేటర్‌లోంచి దూరి ఉంటే మీ తప్పు లేదు.

ఫిర్యాదు వేయడానికి అడవి ఉన్న జిల్లాకు వెళ్లనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కుదురుతుంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయండి, చాలా యాప్‌లు ఆ దశలోనే దిగొస్తాయి. లీగల్ నోటీసు తప్పనిసరి కాదు గానీ, 15 రోజుల గడువుతో ఒకటి పంపితే ఫిర్యాదుకు బలం. యాప్‌ను, ఓనర్‌ను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. వాళ్లు జవాబివ్వడానికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15. ఆ పైన పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చి 4న తేల్చింది. ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలన్న యాప్ షరతు కూడా వినియోగదారుల కమిషన్ తలుపు మూయలేదు.

ప్రకటన పేజీని ఈరోజే కింది దాకా స్క్రీన్‌షాట్లు తీయండి. గొడవ మొదలయ్యాక ఓనర్లు చేసే మొదటి పని ఆ వాక్యాలు మార్చేయడం. చాటింగ్, చెల్లింపు రసీదు, ఆ రాత్రి తీసుకున్న గది బిల్లు కూడా జత చేయాలి. ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఆ ఆధారం ఏ ఫోన్ నుంచి, ఎలా తీసిందో ధ్రువీకరించే పత్రం) జోడిస్తే అవతలివారు అభ్యంతరం చెప్పే అవకాశం తగ్గుతుంది. స్క్రీన్‌షాట్లు తీసిన ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. అడిగేది కూడా లెక్కకు నిలబడాలి: ఒక రాత్రి అద్దె, ప్రత్యామ్నాయ గది ఖర్చు, డిపాజిట్, మానసిక వేదనకు ఒక మోస్తరు మొత్తం, ఖర్చులు. ఒక్క రాత్రికి లక్షలు కోరితే అసలు కోరిక కూడా పలచబడుతుంది.

ఆ భవనానికి పంచాయతీ లైసెన్సు, పర్యాటక శాఖ రిజిస్ట్రేషన్ ఉన్నాయా, అది ఎకో సెన్సిటివ్ జోన్‌లో (పార్క్ చుట్టూ నిర్మాణాలు, పనులపై ఆంక్షలున్న ప్రాంతంలో) ఉందా అనేది కూడా వాకబు చేయండి. ఈ జోన్ల నోటిఫికేషన్లు సాధారణంగా పార్క్ హద్దు నుంచి కిలోమీటరు లోపు కొత్త వాణిజ్య హోటళ్లు, రిసార్టులను నిషేధిస్తాయి. ముదుమలై దగ్గర ఏనుగుల కారిడార్‌లోని రిసార్టుల తొలగింపును సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 14న సమర్థించింది. అనుమతి లేని బస అని తేలితే మీ వాపసు హక్కు పోదు, పైగా బలపడుతుంది.

ఈలోగా యాప్ నుంచి కూపన్‌తోనో, సగం వాపసుతోనో రాజీ ప్రతిపాదన రావచ్చు. అందులో ‘పూర్తి, తుది పరిష్కారం’ అన్న గడి ఉంటే టిక్ పెట్టేముందు ఆగండి. సగమే ఇస్తే ‘మిగతా మొత్తంపై నా హక్కు నిలుపుకుంటూ తీసుకుంటున్నాను’ అని ఈమెయిల్‌లో రాసి తీసుకోండి. ఆ బాట గురించి తాను పెట్టిన వాక్యం స్క్రీన్‌షాట్‌నూ, చాటింగ్‌నూ మీరు తొలగిస్తేనే డబ్బిస్తామని ఓనర్ షరతు పెడితే ఒప్పుకోవద్దు. వాపసు కేసులో మీకు అది ఒక ఆధారం మాత్రమే కావచ్చు, అటవీ కేసు వస్తే మాత్రం మీ చేతిలో ఉన్న ముఖ్యమైన ఆధారం అదే.